భాషా సందేహాలు: జర్మన్ పలుకు, తెలుగు నోరు

జర్మనీలో నర్సింగు ఉద్యోగాలకూ, ఇంజినీరింగు పైచదువులకూ వెళ్ళదలచిన వారి నుంచి, వారి తల్లిదండ్రుల నుంచి జర్మన్ భాష గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు వస్తున్నాయి. విజయవాడ, గుంటూరు పాఠకులు పంపినవాటిలో ఉచ్చారణకు సంబంధించిన ప్రశ్నలను మాత్రమే ఈ సంచికకు తీసుకున్నాము. జర్మన్ మాటలను తెలుగు లిపిలోనే చూపుతున్నాము. 'ౘ' కనిపించిన చోట 'చుక్క', 'చలి' అనే మాటలలోని చకారంగానూ, 'ౙ' కనిపించిన చోట ఇంగ్లీషు 'జెడ్' అక్షరపు ధ్వనిగానూ చదువుకోవాలని మనవి.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగు పూర్తి చేసి జర్మన్ తరగతులకు వెళ్తున్నాను. ప్రతి మాటకూ ఎదురుగా తెలుగులో పలుకు రాసుకుని బట్టీ పట్టమంటున్నారు. ఇలా నేర్చుకుంటే సరైన ఉచ్చారణ వస్తుందా? అసలు ఈ భాష మన నోటికి లొంగుతుందా? (ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: జర్మన్ కష్టమన్న పేరు దాని వ్యాకరణం వల్ల వచ్చిందే తప్ప ఉచ్చారణ వల్ల కాదు. ఇంగ్లీషులో ఒకే అక్షరాల గుంపు ఒక మాటలో ఒక విధంగానూ మరో మాటలో మరో విధంగానూ పలుకుతుంది కాబట్టి ప్రతి మాటనూ విడిగా గుర్తుపెట్టుకోవలసి వస్తుంది. జర్మన్‌లో పరభాషల నుంచి వచ్చిన మాటలను పక్కన పెడితే, కొద్దిపాటి సూత్రాలు తెలిసినవారు ముందెన్నడూ చూడని మాటను కూడా చాలావరకు సరిగానే చదవగలరు.

తెలుగువారికి ఇందులో రెండు అనుకూలతలున్నాయి. మొదటిది హ్రస్వ దీర్ఘాల భేదం. 'మిటె' అంటే మధ్యభాగం, 'మీటె' అంటే ఇంటి అద్దె. 'ఒఫెన్' అంటే తెరిచి ఉన్నది, 'ఓఫెన్' అంటే పొయ్యి. అచ్చు నిడివిని బట్టి అర్థం మారడమనేది చాలా భాషలవారికి కొత్తగా నేర్చుకోవలసిన విషయం. ఎ, ఏ, ఒ, ఓ అని చిన్నప్పుడే విడివిడిగా దిద్దిన మనకు అది పుట్టుకతో వచ్చిన సొత్తు. రెండవది దంత్య చకారం. జర్మన్‌లో 'జెడ్' అక్షరానికి ఉన్న ధ్వని మన 'చుక్క', 'చాప' మాటలలో వినిపించేదే. కాకపోతే తెలుగులో ఇ, ఎ అచ్చుల ముందు చకారం తాలవ్యంగా మారిపోతుంది; 'చలి' అన్నట్టు 'చిలక' అనము. జర్మన్‌లో ఆ మార్పు ఉండదు. పది అనే అర్థంలోని 'ౘేన్', గది అనే అర్థంలోని 'ౘిమెర్' మాటలలో కూడా దంత్య ధ్వనే నిలవాలి. ఇక్కడ కొంత సాధన తప్పదు.

ప్రతికూలతలు మాత్రం మన భాష మనకు నేర్పిన అలవాట్లే. తెలుగు అజంత భాష కావడం వల్ల బస్సు, కారు, రైలు అంటూ పరాయి మాటకైనా చివర ఒక ఉకారం తగిలిస్తే గాని మనకు తృప్తి ఉండదు. జర్మన్ మాటలలో చాలా భాగం హలంతాలు. పైగా అక్కడ చివరి అచ్చుకు వ్యాకరణంలో పని ఉంది. 'టాక్' అంటే రోజు, 'టాగె' అంటే రోజులు. 'హున్ట్' అంటే కుక్క, 'హున్డె' అంటే కుక్కలు. ఏకవచనానికి మనం అలవాటుగా ఉకారం చేర్చితే వినేవాడు అది ఏ రూపమో తేల్చుకోలేక ఆగిపోతాడు. ఈ జంటలలోనే ఇంకో సంగతి కూడా ఉంది. బహువచనంలో వినబడే గకార డకారాలు ఏకవచనంలో కకార టకారాలుగా మారాయి. రాతలో రెండు చోట్లా 'జీ', 'డీ' అక్షరాలే ఉంటాయి. మాట చివరికి వచ్చిన సరళాలు పరుషాలుగా పలుకుతాయన్నది జర్మన్ సూత్రం. మన వ్యాకరణంలోని సరళాదేశ సంధి పరుషాలను సరళాలుగా మారుస్తుంది కాబట్టి, బడిలో సంధులు బాగా చదివినవారు దీనిని దానికి ఎదురు దారిగా గుర్తుంచుకోవచ్చు.

రెండవ అలవాటు ద్విత్వం. జర్మన్ రాతలో హల్లు రెండుసార్లు కనిపిస్తే దాని ముందున్న అచ్చు హ్రస్వమని మాత్రమే అర్థం. హల్లును ఒత్తి పలకమని కాదు. పైన చెప్పిన 'మిటె' మాటలో 'టీ' అక్షరం రెండుసార్లు ఉంటుంది. దానిని చూడగానే మన నోరు 'మిట్టె' అంటుంది. ప్రతి రోజూ వాడవలసిన 'బిటె' అనే మర్యాద మాటను మనవారు 'బిట్టె' అనడానికీ ఇదే కారణం. మూడవ అలవాటు సంధి. 'ఏమిటి', 'అది' కలిస్తే 'ఏమిటది' అయినట్టు, హల్లు తరువాత అచ్చు రాగానే రెంటినీ కలిపేయడం మనకు సహజం. జర్మన్‌లో అచ్చుతో మొదలయ్యే మాట ముందు గొంతు ఒక క్షణం మూసుకుని తెరుచుకుంటుంది. 'ఐన్ అప్ఫెల్' అంటే ఒక ఆపిల్. దానిని 'ఐనప్ఫెల్' అని కలిపి పలికితే వ్యాకరణంలో ఒక్క తప్పు లేకపోయినా పరాయితనం వెంటనే బయటపడుతుంది.

వీటికి తోడు ఊనిక ఒకటి ఉంది. తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కి పలికినా మాట అర్థం మారదు. జర్మన్‌లో ఊనిక సాధారణంగా ధాతువు మొదటి అక్షరం మీద పడుతుంది; కొన్ని చోట్ల అర్థాన్నే మారుస్తుంది. 'ఉమ్‌ఫారెన్' అనే క్రియలో 'ఉమ్' మీద ఊనిక ఉంటే వాహనంతో గుద్ది పడవేయడం, 'ఫా' మీద ఊనిక ఉంటే పక్కనుంచి చుట్టి వెళ్ళడం. రోడ్డు మీద ఈ తేడా చిన్నది కాదు.

ఇక తెలుగులో రాసుకోవడం గురించి. మొదటి కొద్ది వారాలకు ఊతంగా పనికివస్తుంది. తరువాత కూడా అదే పట్టుకుంటే, మనకు లేని ధ్వనులన్నీ మనకున్న అక్షరాలలోకి ఒదిగిపోయి అక్కడే స్థిరపడతాయి. దీనికంటే మంచి పద్ధతి జర్మన్ నిఘంటువులలోనే ఉంది. ప్రసిద్ధమైన డూడెన్ నిఘంటువు ఊనిక పడే అచ్చు దీర్ఘమైతే దాని కింద చిన్న గీత, హ్రస్వమైతే చుక్క పెడుతుంది. మీ నోటు పుస్తకంలో జర్మన్ అక్షరాలనే రాసుకుని, వాటి కింద ఈ గీతనూ చుక్కనూ పెట్టుకుంటూ, ప్రతి మాటనూ ముందు విని తరువాత పలకండి.

ప్రశ్న: నేను ముప్ఫై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. తరగతిలో ఎప్పుడూ ఐన్‌స్టీన్ అనే చెప్పాను. జర్మన్ నేర్చుకుంటున్న మా మనవడు అది తప్పు అంటున్నాడు. మన బెంజి సర్కిల్‌ను కూడా వదలడం లేదు. ఎవరిది సరి? (ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: జర్మన్ పలుకు అడిగితే మీ మనవడు చెప్పిందే సరి, తెలుగు పాఠం చెప్పేటప్పుడు మీరు పలికింది కూడా సరే. ఒక భాషలో స్థిరపడిన పేరును ఇంకో భాష కోసం మార్చుకోనక్కర్లేదన్నది మా అభిప్రాయం. అయితే మీ ప్రశ్నలోని రెండు పేర్లలోనే జర్మన్ రాత సూత్రాలు కొన్ని ఇమిడి ఉన్నాయి.

ఇంగ్లీషు 'ఈ', 'ఐ' అక్షరాలు ఆ వరుసలో వస్తే జర్మన్‌లో 'ఐ' అని పలుకుతాయి. వరుస తిరగబడి 'ఐ', 'ఈ' అని వస్తే దీర్ఘ 'ఈ' అవుతుంది. మాట మొదట 'ఎస్', 'టీ' కలిసి వస్తే 'ష్ట' అవుతుంది. 'ఎస్', 'పీ' కలిస్తే 'ష్ప'. అందువల్ల ఆ శాస్త్రవేత్త పేరు 'ఐన్‌ష్టైన్'. సమాస పదాలలో రెండవ మాట మొదటికి కూడా ఇదే వర్తిస్తుంది కాబట్టి పేరు మధ్యలో ఉన్నా 'ష్ట' వచ్చింది. 1886లో మోటారు వాహనానికి పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ పేరు చివర ఉన్నది 'జెడ్' కనుక అది 'బెన్ౘ్' అవుతుంది. విజయవాడ ఆటోవారు ఎప్పటిలాగే బెంజి సర్కిల్ అనవచ్చు.

అచ్చుకు ముందు ఒంటరిగా వచ్చిన 'ఎస్' అక్షరం 'ౙ' అవుతుంది కాబట్టి మనం సీమెన్స్ అనే సంస్థ అక్కడ 'ౙీమెన్స్'. 'వీ' అక్షరం చాలా మాటలలో 'ఫ'గా, 'డబ్ల్యూ' అక్షరం 'వ'గా పలుకుతాయి కాబట్టి వోక్స్‌వ్యాగన్ అక్కడ 'ఫొల్క్స్‌వాగెన్'. 'ఈ', 'యూ' కలిస్తే 'ఒయ్' అవుతుంది. ఫ్రాయిడ్ పేరు 'ఫ్రొయ్ట్' అయినదీ, యూరో నాణెం 'ఒయ్రో' అయినదీ, ఆ భాష పేరు 'డొయ్చ్' అయినదీ ఇందుకే.

అక్షరం మీద రెండు చుక్కలున్న పేర్లు ఇంకొంచెం గడుసువి. ఋగ్వేదాన్ని పరిష్కరించి ప్రచురించిన మాక్స్ ముల్లర్ 1823లో జర్మనీలోని డెస్సావు పట్టణంలో పుట్టారు. మన దేశంలో జర్మన్ భాష నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్ శాఖలను ఆయన పేరుతోనే మాక్స్ ముల్లర్ భవన్ అంటారు. ముల్లర్ అనే మాటలోని మొదటి అచ్చు 'ఉ' కాదు, 'యు' కూడా కాదు. నాలుకను 'ఇ' పలికే స్థితిలోనే ఉంచి పెదవులను 'ఉ' కోసం చేసినట్టు గుండ్రంగా చేస్తే వచ్చే ఒకే ఒక్క ధ్వని అది. జర్మన్ కవి గోథే పేరులోని అచ్చును కూడా అదే పద్ధతిలో, నాలుకను 'ఏ' దగ్గర ఉంచి పెదవులను 'ఓ' ఆకారంలో పెట్టి పలకాలి; ఆ పేరులో 'థ' కూడా లేదు, ఉన్నది 'ట' మాత్రమే. అద్దం ముందు నిలబడి 'ఈ' అంటూ, గొంతు ఆపకుండా, నాలుక కదలకుండా పెదవులను మాత్రం ముందుకు చాచి చూడండి. నాలుక వెనక్కి జారితే 'ఊ' వస్తుంది. జారకపోతే కావలసిన ధ్వని వస్తుంది. ఈ శ్రమ వృథా పోదు, ఎందుకంటే చుక్కలు లేని 'షోన్' అంటే 'ఇప్పటికే' అని అర్థం, చుక్కలున్న అదే మాటకు 'అందమైన' అని అర్థం.

ప్రశ్న: 'నేను' అనే జర్మన్ మాటను మా తరగతిలో ఒకరు 'ఇష్' అంటారు, ఒకరు 'ఇఖ్' అంటారు, వీడియోలలో వింటే రెండూ కాదనిపిస్తుంది. (ఇంజినీరింగు విద్యార్థి, పటమట, విజయవాడ)

జవాబు: మీ చెవి సరిగానే వింటోంది. 'సీ', 'హెచ్' అక్షరాలు కలిసినప్పుడు జర్మన్‌లో ప్రధానంగా రెండు ధ్వనులు వస్తాయి. ఆ రెండింటికీ తెలుగులో అక్షరం లేదు.

మొదటిది మృదువైనది. 'య' అనడానికి నాలుకను సిద్ధం చేసుకుని, గొంతులో నాదం లేకుండా గాలిని మాత్రం వదిలితే అది వస్తుంది. 'హ్యా' అనే మాటను గుసగుసగా పలికి మొదట్లోనే ఆగిపోతే దాదాపు అక్కడికి చేరుకుంటారు. రాతలో చూపక తప్పదు కనుక మీరడిగిన మాటను 'ఇహ్' అని రాస్తున్నాము. రెండవది గొంతు లోపల ఒరిపిడితో పుట్టేది. ఉర్దూ మాతృభాషగా ఉన్న మిత్రులు 'ఖబర్' అనేటప్పుడు విని చూడండి, అదే. ఏది ఎక్కడ వస్తుందన్న విషయంలో తికమక లేదు. ముందున్న అచ్చు అ, ఒ, ఉ, ఔలలో ఏదైనా అయితే గొంతు ధ్వని, మిగిలిన అచ్చుల తరువాతా హల్లుల తరువాతా మృదువైన ధ్వని. అందుచేత ఒకే మాటలో కూడా అది మారుతుంది: పుస్తకం 'బూఖ్', కాని బహువచనంలో అచ్చుకు చుక్కలు వస్తాయి కనుక హల్లు కూడా మృదువైపోతుంది. ఈ అక్షరాల తరువాత అదే ధాతువులో 'ఎస్' వస్తే రెండు ధ్వనులూ పోయి 'క్స్' మిగులుతుంది. ఆరు అనే సంఖ్య 'ౙెక్స్'. ఇరవై అనే 'ౘ్వన్ౘిహ్' వంటి మాటల చివర రాతలో 'జీ' అక్షరం ఉన్నా, ప్రామాణిక ఉచ్చారణలో ఈ మృదువైన ధ్వనే వినిపిస్తుంది.

'ష' అంటే ఏమవుతుందని అడగవచ్చు. చాలాసార్లు ఏమీ కాదు, అర్థమవుతుంది; కొన్ని జర్మన్ ప్రాంతాలవారే దాదాపు అలా అంటారు. కాని చర్చిని సూచించే మాటకూ చెర్రీ పండును సూచించే 'కిర్షె' అనే మాటకూ తేడా ఈ ఒక్క ధ్వనిలోనే ఉంది. గొంతు ధ్వనికి బదులు 'క' పలకడం ఇంకా ప్రమాదం. శుభరాత్రి చెప్పబోయి 'నఖ్ట్' అనవలసిన చోట 'నక్ట్' అంటే, అది 'నగ్నంగా' అనే అర్థం ఇచ్చే మాట. ఆసుపత్రిలో రాత్రి విధులకు వెళ్ళేవారు ఇది ముందే సాధన చేసుకోవడం మంచిది.

ప్రశ్న: మాది లూథరన్ కుటుంబం. గుంటూరుకు వచ్చిన హెయర్ దొరగారి పేరును జర్మన్‌లో ఎలా పలుకుతారు? మన తెలుగుకూ జర్మన్లకూ పాత సంబంధం ఏమైనా ఉందా? (ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: ఆయన 1793లో జర్మనీలోని హెల్మ్‌ష్టెట్‌లో పుట్టి, అమెరికాకు వలస వెళ్ళి, అక్కడి లూథరన్ల తరఫున మిషనరీగా 1842లో గుంటూరు చేరుకున్నారు. ఇంటిపేరులోని 'ఈ', 'వై' కూడా 'ఐ' అనే పలుకుతాయి కాబట్టి జర్మన్ పద్ధతిలో అది 'హైయర్'కు దగ్గరగా ఉంటుంది. సంబంధం అంతకంటే పాతదే. బెంజమిన్ షుల్ౘె అనే జర్మన్ మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చుకున్నారు. 1740లలో తెలుగు పుస్తకాలు అచ్చయింది జర్మనీలోని హాలె పట్టణంలోనే. ఇక మీ సంప్రదాయానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్ విషయానికి వస్తే, ఆయన 1522లో కొత్త నిబంధననూ 1534లో పూర్తి బైబిలునూ జర్మన్‌లో వెలువరించారు. వేర్వేరు ప్రాంతాల మాండలికాలు మాట్లాడే జనానికి ఉమ్మడి రాతభాష ఏర్పడడంలో ఆ అనువాదం పాత్ర చాలా పెద్దది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లీషు మీడియంలో చదివాడు. ఇంగ్లీషు బాగా వస్తే జర్మన్ సులభమంటున్నారు, నిజమేనా? (ఒక తండ్రి, మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: మాటల విషయంలో నిజం, పలుకు విషయంలో కాదు. రెండూ పశ్చిమ జర్మానిక్ శాఖకు చెందిన భాషలు. మొదటి సహస్రాబ్ది మధ్యకాలం నుంచి జర్మన్ మాట్లాడే దక్షిణ ప్రాంతాలలో హల్లులు ఒక క్రమంలో మారాయి. ఇంగ్లీషులో ఆ మార్పు జరగలేదు. అందువల్ల ఇంగ్లీషు 'టెన్'కు 'ౘేన్', 'టూ'కు 'ౘ్వై', 'వాటర్'కు 'వసెర్', 'షిప్'కు 'షిఫ్', 'ఆపిల్'కు 'అప్ఫెల్', 'పెప్పర్'కు 'ప్ఫెఫెర్', 'మేక్'కు 'మఖెన్' ఎదురుగా నిలుస్తాయి. ఇంగ్లీషు టకారం మాట మొదట 'ౘ'గానూ, అచ్చు తరువాత 'స'గానూ, పకారం 'ప్ఫ' లేదా 'ఫ'గానూ, కకారం అచ్చు తరువాత గొంతు ధ్వనిగానూ మారిందని గమనిస్తే మీ అబ్బాయికి ఎన్నో మాటలు తేలికగా గుర్తుంటాయి.

కాని చదవడం మొదలుపెట్టగానే అదే ఇంగ్లీషు అడ్డు వస్తుంది. 'డబ్ల్యూ', 'వీ', 'జెడ్', 'జే' అక్షరాలను ఇంగ్లీషు అలవాటుతో చదివితే ప్రతి వాక్యంలోనూ తప్పులు దొర్లుతాయి. టకారం విషయంలో మన ఇంగ్లీషు అలవాటు మరో చిక్కు తెస్తుంది. మనం ఇంగ్లీషు 'టీ' అక్షరాన్ని నాలుక వెనక్కి మడిచి మూర్ధన్యంగా పలుకుతాము. జర్మన్ ధ్వని మన 'త'కూ 'ట'కూ మధ్య, పైపళ్ళ వెనుక చిగురు దగ్గర పుడుతుంది. మాట మొదట వచ్చినప్పుడు కొంచెం ఊపిరి కూడా తోడవుతుంది. ఈ పత్రికలో దానిని 'ట' అని అచ్చు వేయక తప్పడం లేదు.

ప్రశ్న: స్విట్జర్లాండులో, ఆస్ట్రియాలో జర్మన్ వేరుగా ఉంటుందా? జర్మన్ల 'ర' గొంతులో నుంచి రావాలంటున్నారు, నాకు ఎంతకూ రావడం లేదు. (ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: వేరుగానే ఉంటుంది. స్విట్జర్లాండులో ఇంట్లో, వీధిలో మాట్లాడే మాండలికం ఉత్తర జర్మనీవారికే సరిగా అర్థం కాదు. అక్కడి రాతభాష మాత్రం అందరికీ ఉమ్మడిదే, కాకపోతే జోడు సకారానికి ఉన్న ప్రత్యేక అక్షరాన్ని వారు వాడరు. దక్షిణ ప్రాంతాలలోనూ ఆస్ట్రియాలోనూ 'ౙ'కు బదులు 'స' వినిపించడం, ఇరవై చివర 'ఇక్' అనడం మామూలే. రసాయనశాస్త్రాన్ని ఉత్తరాన 'హెమీ' అంటే దక్షిణాన 'కెమీ' అంటారు. మీకు తరగతిలో నేర్పే ప్రామాణిక రూపాన్నే పట్టుకోండి, ఎక్కడైనా అర్థమవుతుంది.

'ర' గురించి దిగులు అనవసరం. గొంతులోని కొండనాలుక దగ్గర పలికే 'ర' ఎక్కువ ప్రాంతాలలో వాడుకలో ఉన్నప్పటికీ, బవేరియాలోనూ స్విట్జర్లాండులోనూ మనలాగే నాలుక కొనతో పలికేవారు ఉన్నారు. నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. మాట చివర 'ఈ', 'ఆర్' వస్తే రేఫ దాదాపు మాయమై, బలహీనమైన అకారం లాంటి అచ్చు మిగులుతుంది. తండ్రి అనే అర్థంలోని 'ఫాటర్' నిజానికి 'ఫాట' అన్నట్టు వినబడుతుంది. మనవారు ఇక్కడ రేఫను గట్టిగా మోగిస్తారు. దానిని తగ్గించుకుంటే చాలు.

ప్రశ్న: పెళ్ళయింది. భర్త దగ్గరకు వెళ్ళడానికి జర్మన్ తొలి స్థాయి అయిన ఏ1 పరీక్ష రాయాలి. మాట్లాడే భాగంలో పేరు అక్షరాలు చెప్పమంటారట. (ఒక పాఠకురాలు, గాంధీనగర్, విజయవాడ)

జవాబు: అవును. గోథే ఇన్‌స్టిట్యూట్ ఏ1 పరీక్షలో మీ గురించి చెప్పుకున్న తరువాత ఒక పేరో మాటో అక్షరాలుగా చెప్పమనీ, ఫోన్ నంబరు వంటి ఒక సంఖ్య చెప్పమనీ అడుగుతారు. మొత్తం 100 మార్కులకు 60 వస్తే ఉత్తీర్ణత. అక్షరాల పేర్లే ఇక్కడ ముంచేవి. మనం ఇంగ్లీషులో 'ఏ' అనే అక్షరం జర్మన్‌లో 'ఆ'; మనం 'ఈ' అనేది అక్కడ 'ఏ'; మనం 'ఐ' అనేది అక్కడ 'ఈ'. తొందరలో 'ఈ' అంటే పరీక్షకుడు వేరే అక్షరం రాసుకుంటాడు. 'జీ' అక్షరం 'గే', 'జే' అక్షరం 'యోట్', 'వీ' అక్షరం 'ఫౌ', 'డబ్ల్యూ' అక్షరం 'వే', 'జెడ్' అక్షరం 'ౘెట్'. మీ పేరులో విజయ అని ఉంటే 'జే' వల్ల అక్కడివారు దానిని 'వియయ' అని చదివే అవకాశం ఉంది కాబట్టి, ఒకసారి పలికి చెప్పి తరువాత అక్షరాలు చెప్పండి. గుంటూరు అనే మాటకు ఈ ఇబ్బంది లేదు. ఉన్నది ఉన్నట్టే చదువుతారు.

సంఖ్యలలో ఒకట్ల స్థానం ముందు వస్తుంది. ఇరవై ఒకటిని 'ఒకటీ ఇరవై' అన్న వరుసలో 'ఐన్-ఉన్ట్-ౘ్వన్ౘిహ్' అంటారు కనుక, ఫోన్ నంబరును జతలుగా కాక ఒక్కొక్క అంకెగా చెప్పడం మేలు. అలా చెప్పేటప్పుడు రెండుకు 'ౘ్వై', మూడుకు 'డ్రై' ఒకేలా వినబడతాయని జర్మన్లే ఫోన్‌లో రెండును 'ౘ్వో' అంటారు; మీరూ అనవచ్చు, దానికి మార్కులు తగ్గవు.